బియ్యం కుండలో జీతం

జావాలో, అగ్నికొండ కనుచూపు మేరలో ఒక రాజనగరు.
అందులో జీతాల గది గుమాస్తాను నేను.
పాత పద్దు పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు.
చెదలు చదవగా మిగిలింది
నేను చదువుతున్నాను.

మొదటి పుస్తకంలో నగరే రాజ్యం.
వంటశాల పెద్ద ఉప్పుపన్ను వసూలు చేశాడు.
గుర్రాలకు గడ్డి వేసినవాడు సేనాపతి అయ్యాడు.
తమలపాకుల పెట్టె మోసిన మనిషి
ఏ మాట ఏ ఘడియలో రాజు చెవిన వెయ్యాలో తెలిసినవాడు కనక
నలభై ఊళ్ళు ఏలాడు.
జీతమంటే అప్పుడు వరిపొలం.
గట్టు ఎక్కడో రాశారు, కౌలు ఎంతో రాశారు,
దున్నినవాడి పేరు కోసం రాత్రి దాకా వెతికాను.
లేదు.

రెండోది డచ్చివాళ్ళ కాగితం,
దీపానికి ఎదురు పెడితే లోపల సింహం కనిపిస్తుంది.
సేనాపతికి భత్యం. ఫిరంగికి కూడా భత్యం,
పేలకుండా ఉన్నందుకు.
పొలాలు పోయాయి, బిరుదులు పెరిగాయి.
ఎవరి గొడుగు ఏ రంగో చెప్పడానికే పదకొండు పేజీలు.

మూడోది స్వతంత్రం వచ్చాక, పలచటి పుస్తకం.
ఏనుగు పోయింది, మావటి ఉన్నాడు.
నాలుగు పేజీల తర్వాత మావటీ లేడు,
అంకుశానికి నూనె రాసే మనిషి ఒకడు మిగిలాడు.
అతను మా నాన్న.

ఇప్పుడు నా తెరమీద ఒక కొత్త గడి:
'ఈ ఉద్యోగం వల్ల ప్రయోజనం.'
ఖాళీగా వదిలితే యంత్రం ఒప్పుకోదు, ఎర్రబడుతుంది.

తేనీటి కొలువులో ఉంది వాగిరా.
నగరు ఆమెకు పెట్టిన పేరు సెకార్‌రుమ్, పూలవాసన అని.
డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళ మీద వంగి,
చెప్పుల్లేని కాళ్ళతో నల్ల ఇసుక దాటుతుంది.
రోజూ పదకొండింటికి
పసుపు గొడుగు కింద కూజా ఊరేగుతుంది.
మనిషికి ఎండ, కూజాకు నీడ.
లోపలి మండపంలో ఖాళీ కుర్చీ ముందు పెడతారు.
చల్లారాక తీసుకొస్తారు.

"ఎవరు తాగుతారమ్మా దాన్ని?" అని అడిగాను, గడి నింపాలి కదా.
"కాచడం నా పని నాయనా.
తాగడం నా పని కాదు" అంది.
అదే రాశాను. యంత్రం ఒప్పుకుంది.

ఆమె నెల జీతం నాలుగు పూటల అన్నం ఖరీదు.
రావడానికీ పోవడానికీ బస్సుకే అంతకు ఆరింతలు.
బజారులో కూతురి అరటికాయ బజ్జీల కొట్టు
ఈ రాజరికాన్ని పోషిస్తోంది.

పోయిన నెల నుంచి జీతాలు బ్యాంకులో వేస్తున్నాం.
మూడో రోజున వచ్చింది,
నా కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.
నేను కిందికి దిగాల్సి వచ్చింది.

"ముప్పై ఎనిమిదేళ్ళ కవర్లు నాయనా,
ఒక్కటి విప్పలేదు.
తెచ్చినవి తెచ్చినట్టు బియ్యం కుండలో వేశాను.
చేతికి తగిలినప్పుడల్లా కుండ ఇంకా నిండుగానే ఉందనిపిస్తుంది.
మరి బ్యాంకులో పడ్డదాన్ని
కుండలో ఎట్లా వెయ్యను?"

చెప్పాను: ఇది పద్ధతి, లెక్క తప్పదు, దొంగతనం ఉండదు.
అన్నిటికీ తలూపింది.
కార్డు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఏటీఎంకి పోయాను.
అది యాభైవేల నోటు తప్ప ఇవ్వనంది, ఆమె జీతం అంత లేదు.
నా జేబులోది కొంత తీసి,
బండ్లు చూసే కుర్రాడి దగ్గర చిల్లర మార్చి,
పాత బీరువాలో గోధుమరంగు కవరు వెతికి,
లక్క కరిగించి ముద్ర వేశాను.
వేలు కాలింది.

తేనీటి గది గుమ్మం దగ్గర
చెప్పులు ఎప్పుడు విడిచానో గుర్తులేదు.
వాగిరా రెండు చేతులతో కవరు అందుకుని
నుదుటికి ఆనించుకుంది.
"ఆలస్యమైంది" అంది, కసురుతున్నట్టు.

ఏ పుస్తకంలోనూ లేని ఉద్యోగం ఇది.
వచ్చే నెల మరో ముగ్గురు వస్తారట.
కవర్లు ఇంకా పదహారున్నాయి.